ఎరుపుకు వెల కట్టిన ఊరు

వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తిమ్మంపేట మిర్చి రైతు ఉత్పత్తిదారుల సంస్థ దరఖాస్తు పెట్టుకుంటే, కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయమూ, మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని పరిశోధన స్థానమూ వెనక నిలబడ్డాయి. ఆ వార్త వెలువడిన నాటి నుంచి ఈ కాయ గురించి ఎవరు రాసినా మూడు మాటలు తప్పకుండా రాస్తున్నారు: రంగు ఎక్కువ, కారం తక్కువ, యాంటీఆక్సిడెంట్లు పుష్కలం. మొదటి రెండింటికీ వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డు సాక్ష్యం చాలు. మూడోది ప్రయోగశాల నుంచి ఈ మధ్య వచ్చి చేరింది. తమాషా ఏమిటంటే, రసాయనశాస్త్రం లెక్కన మొదటి మాటా మూడో మాటా దాదాపు ఒకటే. పండు మిరపకాయకు ఎరుపునిచ్చే కాప్సాంథిన్, కాప్సోరుబిన్ అనే కెరోటినాయిడ్లే అందులోని ముఖ్యమైన యాంటీఆక్సిడెంట్లు. అంటే వరంగల్ బజారు కొన్ని తరాలుగా, పేరు తెలియకుండానే, యాంటీఆక్సిడెంట్లకు వెల కడుతూ వచ్చిందన్నమాట. ఇక్కడిదాకా వచ్చినవాళ్లు సాధారణంగా ఇంకో అడుగు వేస్తారు. చూశారా, మన పెద్దలకు ఈ ఆరోగ్య రహస్యం ఏనాడో తెలుసు అంటారు. ఆ అడుగు వేయకూడదని నా వాదన. ఈ కాయ చరిత్రలో ఎరుపుకు డబ్బిచ్చినవాళ్లు మొదట కంటి కోసం ఇచ్చారు, తరవాత ఫ్యాక్టరీ కోసం ఇచ్చారు. ఒంటికి జరిగే మేలు వేరే పద్దు. రెండు పద్దుల్నీ కలిపి రాస్తే చరిత్ర తప్పుతుంది, పంటకూ ఒరిగేదేమీ ఉండదు.

ముందు పెద్దల సంగతి తేల్చుకుందాం. కాకతీయుల ఓరుగల్లులో మిరపకాయ లేదు, ఉండే వీలూ లేదు. 1323లో ప్రతాపరుద్రుడి కోట ఢిల్లీ సేనల చేతికి చిక్కేనాటికి మిరప మొక్క ఇంకా అమెరికా ఖండాలు దాటలేదు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం సుంకాల జాబితాలో కనిపించేవి మిరియాలు. ఓరుగల్లు అంగడి మీద పన్నుల్ని చెప్పే 13వ శతాబ్దపు శాసనంలో పసుపు, అల్లం, ఆవాలు ఉన్నాయి. ఓరుగల్లు వీధుల్నీ పూటకూళ్ల ఇంటి భోజనాన్నీ కళ్లకు కట్టే క్రీడాభిరామంలో ఎర్ర కారం ఊసే ఉండదు. సురవరం ప్రతాపరెడ్డి తన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ఆ కావ్యాన్ని గనిలా తవ్వుకున్నారు కాబట్టి, ఆనాటి విస్తరిలో ఏముండేదో మనకు బాగానే తెలుసు. 1498 తరవాత పోర్చుగీసు ఓడలతో పడమటి తీరానికి వచ్చిన మిరప అక్కడి నుంచి దక్కను లోపలికి పాకింది. 1590ల నాటి ఐన్-ఇ-అక్బరీ వంటకాల్లో కూడా ఘాటు కోసం వాడింది మిరియాలే. ఎంత ఉదారంగా లెక్క కట్టినా మన వంటింట్లో మిరపకాయ వయసు నాలుగైదు వందల ఏళ్లకు మించదు. చరక, సుశ్రుత సంహితలకు తెలియని కాయ ఇది. పసుపు కథ వేరు. గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద 1995లో అమెరికాలో పేటెంట్ ఇస్తే, మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు ముందు పెట్టి 1997లో దాన్ని కొట్టేయించగలిగింది. మిరప ఎరుపుకు అలా చూపించడానికి పాత తాళపత్రం ఏదీ లేదు. దాని విలువ రాసి ఉన్న పుస్తకం ఒక్కటే, అడ్తిదారు చిట్టా.

ఆ చిట్టా ఎప్పుడు మొదలైందో తారీఖు వేసి చెప్పడం కష్టం. నిజాం రైలు 1889 నాటికి వరంగల్ మీదుగా బెజవాడ చేరాక, ఈ ప్రాంతపు సరుకులకు అటు హైదరాబాదూ ఇటు తీరమూ దగ్గరయ్యాయి. ఆ తరవాతి కాలపు పంట చపాటా. ఎనిమిది దశాబ్దాలుగా సాగులో ఉందని చెబుతారు. మొదట పండించిన ఊళ్లలో నడికూడ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. ఇది కంపెనీ సంచిలో వచ్చిన హైబ్రిడ్ కాదు, మంచి కాయలు ఏరి విత్తనం కట్టుకుంటూ రైతులు నిలబెట్టుకున్న నాటు రకం. పొట్టిగా, వెడల్పుగా, ముడతలు పడి ఉండే రూపాన్ని చూసి టమాటా మిర్చి అన్నారు. కాయ తీరును బట్టి సింగిల్ పట్టి, డబుల్ పట్టి, ఓడలు అని మళ్లీ వేరు చేశారు. ఇన్ని పేర్లు పుట్టాయంటేనే కొనేవాడి కన్ను ఎంత నిశితంగా పనిచేసిందో తెలుస్తుంది. కారం మోతాదును బట్టి పెట్టిన పేరు వీటిలో ఒక్కటీ లేదు. కారం కావలసినవాడికి అదే యార్డులో తేజ రకం ఉంది. చపాటా కోసం వచ్చేవాడికి కావలసింది రంగు. కల్లంలో ఎండేటప్పుడు మంచు తగిలినా, వాన చినుకు పడినా, మచ్చపడి తెల్లబారిన కాయ తాలు అవుతుంది. తాలు ధర మేలు రకం ధరలో సగానికీ మూడో వంతుకీ దిగజారడం రైతుకు కొత్త కాదు. కాయలో కారం ఎంత మిగిలినా ఎరుపు పోతే ధర పోయినట్టే. ఎనుమాములలో పొద్దున్నే జరిగే జెండా పాట అనే వేలంలో ఆ రోజుకు గరిష్ఠ ధర తేలేది కూడా మెరిసే బస్తా మీదే. జెండా ధర నాలుగు బస్తాలకే దక్కి, మిగతా సరుకంతా దానికి చాలా కిందే అమ్ముడుపోతుందన్న రైతుల ఫిర్యాదు వేరే వ్యాసానికి సరిపడా ఉంది. ఇక్కడ గమనించవలసింది ఒకటే: ఇంత పెద్ద బేరంలో ఆరోగ్యం అనే మాట ఎక్కడా దొర్లదు.

మరి ఆ ఎరుపు మొక్కకు ఎందుకు? కాయ పచ్చగా ఉన్నంతకాలం అందులో పత్రహరితం ఉంటుంది. పండే దశలో అది విరిగిపోయి, పసుపు రంగు కెరోటినాయిడ్లలో కొన్ని ఒక ప్రత్యేక ఎంజైమ్ వల్ల కాప్సాంథిన్‌గా, కాప్సోరుబిన్‌గా మారతాయి. ఎర్రటి కాయ పిట్టను పిలుస్తుంది. మన నాలుకను మండించే కాప్సైసిన్ పిట్టలకు మండదు, గింజల్ని నమలకుండా మింగి దూరంగా వదిలే పని వాటిది. ఆ మంటను గుర్తించే గ్రాహకాన్ని కనుక్కున్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇక యాంటీఆక్సిడెంట్ అన్న గుణం సంగతికొస్తే, ఎండ తీక్షణతకు కణాల్లో పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాల్ని ఈ పొడవాటి అణువులు తమ మీదికి తీసుకుని శాంతింపజేస్తాయి. ఆ క్రమంలో తామే విరిగిపోతాయి కూడా. కల్లంలో, గోదాములో జరిగేది ఇదే. వెలుగు, వేడి, గాలి తగిలిన కొద్దీ కాప్సాంథిన్ ఆక్సీకరణం చెంది, ఎరుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. వరంగల్ చుట్టూ వెలసిన శీతల గిడ్డంగుల్లో రైతు అద్దె కట్టి కాపాడుకునేది, సూటిగా చెప్పాలంటే, ఇంకా ఖర్చు కాని యాంటీఆక్సిడెంటునే. రంగు వెలిసిన పాత బస్తాకు తక్కువ ధర కట్టిన వ్యాపారి, తనకు తెలియకుండా, ఒక రసాయన పరీక్ష చేస్తున్నాడు. బజారు కన్నూ ప్రయోగశాల అంకే ఒకే వస్తువును కొలిచాయని చెప్పడానికి ఇంతకంటే ఆధారం అక్కర్లేదు. కాని ఒకే వస్తువును కొలవడం వేరు, ఒకే ప్రయోజనం కోసం కొలవడం వేరు.

ఆ ప్రయోజనం ఏమిటో ఫ్యాక్టరీ చరిత్ర చెబుతుంది. ఎండు మిర్చి నుంచి రంగునూ ఘాటునూ ద్రావకాలతో పిండి ఓలియోరెసిన్ తీసే పరిశ్రమ మన దేశంలో గత శతాబ్దం రెండో సగంలో పెరిగింది. 1972లో కేరళలోని కొలెంచేరిలో మొదలైన సింథైట్ వాటిలో పెద్దది. మాంసం ఉత్పత్తులకు, సాసులకు, చిరుతిళ్లకు, కోడిగుడ్డు సొనకు నిండు రంగు రావడానికి కోళ్ల దాణాకు కూడా ఆ ఎరుపు పోతుంది. ఐరోపాలో దాని సంకేతం ఇ160సీ. అక్కడ అది ఆహార రంగుల జాబితాలో ఉంది, పోషకాల జాబితాలో లేదు. తక్కువ కారం, ఎక్కువ రంగు ఉన్న కాయకు ఈ పరిశ్రమలో గిరాకీ సహజం. కర్ణాటకలో బ్యాడగి మిర్చి ఎందుకు పేరుపడిందో, వరంగల్‌లో చపాటా ఎందుకు పేరుపడిందో కారణం ఒకటే. ఎరుపు మీద ప్రపంచానికి ఎంత మోజో 2003లో మరీ నగ్నంగా బయటపడింది. భారతదేశం నుంచి వెళ్లిన కారంపొడిలో సూడాన్-1 అనే పారిశ్రామిక రంగు కలిసిందని ఫ్రాన్సులో తేలి, ఐరోపా సంఘం దిగుమతుల మీద పరీక్షలు తప్పనిసరి చేసింది. 2005లో బ్రిటన్‌లో అదే రంగు ఒక సాసు ద్వారా పాకి 400కు పైగా ఆహార ఉత్పత్తుల్ని అంగళ్ల నుంచి వెనక్కి తెప్పించింది. బూట్ల పాలిషులో, మైనాల్లో వాడే సూడాన్-1కు యాంటీఆక్సిడెంట్ గుణంతో పనేముంది? కల్తీ చేసినవాడు సరుకులో ఏది విలువైనదో సరిగ్గా దాన్నే అనుకరిస్తాడు. అతను అనుకరించింది రంగును.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం గట్టిదే. కంటి కోసం కొన్నా, ఫ్యాక్టరీ కోసం కొన్నా, తిన్నవాడి ఒంట్లోకి వెళ్లేది అదే అణువు కదా, మేలు చేయకుండా ఉంటుందా అంటారు. ఈ అభ్యంతరానికి గొప్ప పూర్వచరిత్ర ఉంది, అది హంగరీలో ఉంది. 1927లో పేచ్ నగరంలో లాస్లో జెక్‌మైస్టర్, లాస్లో చోల్నోకీ ఎర్ర మిరప నుంచి కాప్సాంథిన్‌ను వేరుచేశారు. కొన్నేళ్లకు సెగెడ్ నగరంలో ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గీ అక్కడి మిరపకాయల నుంచి విటమిన్ సి ని కిలోల కొద్దీ తీసి, 1937లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. మిరపకాయ ఆరోగ్యానికి మంచిదన్న ఆధునిక నమ్మకానికి పుట్టిల్లు ఇది. పైగా విటమిన్ సి విషయంలో ఆ నమ్మకం నిజం కూడా: అది లేకపోతే స్కర్వీ వస్తుంది, ఉంటే రాదు, ఎవరైనా పరీక్షించి చూసుకోవచ్చు. అయితే సెగెడ్‌లో వాడింది పచ్చి కాయ. ఎండబెడితే విటమిన్ సి లో పెద్ద భాగం నశిస్తుంది. ఎనుమాములకు బస్తాల్లో వచ్చేది ఎండు కాయ. ఎండు కాయలో నిలిచేది కెరోటినాయిడ్లు. వాటిలో బీటా కెరోటిన్, బీటా క్రిప్టోశాంథిన్ ఒంట్లో విటమిన్ ఎ గా మారతాయి. ముఖ్యమైన ఎరుపు, అంటే కాప్సాంథిన్, అలా మారదు. దాని పేరిట మిగిలేది యాంటీఆక్సిడెంట్ అన్న బిరుదు ఒక్కటే. గాజు గొట్టంలో ఆ బిరుదుకు అది నూటికి నూరుపాళ్లు తగినదే.

గాజు గొట్టానికీ మనిషి ఒంటికీ ఉన్న దూరం ఎంతో 1990లలో చేదుగా తెలిసింది. 1956లో డెన్హమ్ హార్మన్ ముసలితనానికి కారణం ఫ్రీ రాడికల్స్ అని ఒక సిద్ధాంతం ప్రతిపాదించాక, యాంటీఆక్సిడెంట్లు మింగితే రోగాలు ఆగుతాయన్న ఆశ శాస్త్రజ్ఞుల్లోనూ పెరిగింది. కూరగాయలు, పండ్లు ఎక్కువ తినేవారిలో కొన్ని క్యాన్సర్లు తక్కువన్న పరిశీలనలు ఆ ఆశకు బలమిచ్చాయి. ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే మగవారి మీద పరీక్ష జరిగింది. కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చారు. 1994లో ఫలితం చూస్తే, అది తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది. అమెరికాలో 18 వేల మందికి పైగా పొగతాగేవారి మీద, ఆస్బెస్టాస్ పనిలో ఉన్నవారి మీద జరిగిన కారెట్ పరీక్షలో బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ కూడా ఇచ్చారు. అక్కడ 28 శాతం ఎక్కువైంది. 1996లో ఆ పరీక్షను అర్ధాంతరంగా ఆపేశారు. కాప్సాంథిన్ బీటా కెరోటిన్ కాదు, వాళ్లు పొగతాగేవారు, అది మాత్ర రూపం అని ఎవరైనా అంటే ఆ మూడూ ఒప్పుకుంటాను. నేను చెప్పేది చపాటా హాని చేస్తుందని కాదు. గాజు గొట్టంలో మంచి మార్కులు వచ్చిన అణువు ఒంట్లో ఏం చేస్తుందో ముందే చెప్పలేమని మాత్రమే ఆ పరీక్షలు రుజువు చేశాయి. అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు ఆహారాలకు యాంటీఆక్సిడెంట్ సామర్థ్యపు అంకెలు ప్రకటించి, ఆ అంకెలకు మానవ ఆరోగ్యంతో సంబంధం చూపే ఆధారం లేదని, వ్యాపారులు వాటిని దుర్వినియోగం చేస్తున్నారని, 2012లో ఆ పట్టికనే తీసేసింది. పుష్కలం అన్న మాట రాసేముందు ఆ నిర్ణయం ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి.

రెండో అభ్యంతరం మిర్చి మీదే జరిగిన పెద్ద అధ్యయనం నుంచి వస్తుంది. చైనాలో 4,87,375 మందిని ఏళ్ల తరబడి గమనించి 2015లో ప్రకటించిన ఫలితంలో, దాదాపు రోజూ కారం తినేవారిలో మరణాల ముప్పు, వారానికి ఒక్కసారి కూడా తిననివారి కన్నా 14 శాతం తక్కువగా కనిపించింది. పత్రికల్లో అది కారం తింటే ఆయుష్షు అని వచ్చింది. ఇది గమనింపు అధ్యయనం కాబట్టి కారణమేదో తేల్చదని పరిశోధకులే జాగ్రత్త చెప్పారు. చపాటా విషయంలో ఇంకో చిక్కుంది. ఆ అధ్యయనాన్ని వివరించడానికి శాస్త్రజ్ఞులు ముందుగా చూసేది కాప్సైసిన్ వైపు, అంటే ఘాటు వైపు. చపాటా గొప్పతనమేమో ఘాటు తక్కువ కావడంలో ఉంది! తేజ మిర్చికి వర్తించవచ్చునేమో అన్న ఫలితాన్ని తెచ్చి చపాటాకు తగిలించడం, ఒక రైతు కల్లంలోని బస్తాకు మరో రైతు చీటీ అంటించడం లాంటిది.

అయితే ఈ ఎర్ర కాయ ఒంటికి ఏ మేలూ చేయదా అంటే, చేస్తుంది, కాని మామూలు తిండి చేసినంత. ఆ మేలు ఎక్కువగా దక్కేది ఎండు కాయలో కన్నా పండు కాయలో. వరంగల్ ఇళ్లలో సీజన్‌లో పండుమిర్చిని ఉప్పూ చింతపండూ వేసి దంచి తొక్కు పెడతారు. చింతపండు పులుపులో విటమిన్ సి కొంత నిలకడగా ఉంటుంది. నూనెతో పోపు పెట్టి, నెయ్యి వేసిన అన్నంలో కలిపి తింటారు కాబట్టి కొవ్వులో కరిగే కెరోటినాయిడ్లు పేగుల్లో మెరుగ్గా ఇంకుతాయి. ఈ వంటింటి తెలివి పుట్టింది రుచి కోసం, నిల్వ కోసం. శాస్త్రం తరవాత వచ్చి దానికి ఒక కారణం చూపింది. అందులో చిన్నతనమేమీ లేదు. కాని తొక్కు ముద్దకు కొంచెమే తింటాం, అందులో ఉప్పు ఎక్కువ. కూరలో పడే కారంపొడి మనిషికి రోజుకు కొద్ది గ్రాములు. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమంది. ఆ అరకిలో పక్కన చెంచాడు కారం ఎంత? తోటకూర, పుంటికూర, జామ, ఉసిరి చేసే పనిని కారంపొడి చేయలేదు, ఎంత ఎర్రగా ఉన్నా. మొక్కల ఆహారం మేలు చేస్తుందన్న సాక్ష్యం నిలిచింది ఇలాంటి కలగూర గంప తిండి మీదే, ఏ ఒక్క అణువు మీదా కాదు.

చివరి అభ్యంతరం రైతు పక్షాన వస్తుంది, నాకు మిగతా వాటికన్నా ఇదే బరువుగా తోస్తుంది. ఆరోగ్యం పేరు చెబితే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి, నష్టమేమిటి అంటారు. 2021-22లో నల్ల తామర పురుగు రెండు తెలుగు రాష్ట్రాల మిర్చి తోటల్ని ఊడ్చేసింది. దిగుబడి కుప్పకూలి, 2022లో ఎనుమాములలో దేశీ రకం క్వింటాలు 50 వేల రూపాయలు దాటింది. ఆ ధర చూసి మిర్చి రైతు బంగారం పండించాడనుకున్నవాళ్లు, ఎంతమంది దగ్గర అమ్మడానికి బస్తాలు మిగిలాయో చూడలేదు. ఇలాంటి ఎగుడుదిగుళ్ల మధ్య నాలుగు రూపాయల ఆశ తప్పనిపించదు. కాని ఆ నాలుగు రూపాయలు ఎవరికి వస్తాయి? చిన్న డబ్బాలో పొడి పోసి యాంటీఆక్సిడెంట్ అని ముద్ర కొట్టేవాడికి. బస్తా అమ్మే రైతు ధర ఆ ముద్రను బట్టి మారదు. పైగా 2018 నాటి ఆహార భద్రతా ప్రకటనల నిబంధనల ప్రకారం ఆరోగ్య ప్రకటనకు శాస్త్రీయ ఆధారం చూపాలి. చూపలేని రోజున అప్రతిష్ఠ పడేది భౌగోళిక గుర్తింపు ఉన్న పేరు మీదే. రంగు సంగతి అలా కాదు. దానికి ఎవరూ ప్రశ్నించలేని కొలత ఉంది. అసిటోన్‌లో రంగు దింపి, 460 నానోమీటర్ల దగ్గర అది ఎంత వెలుగును పీల్చుకుందో చూసి, ఆస్టా విలువ అని ఒక అంకె ఇస్తారు. ఓలియోరెసిన్ ఫ్యాక్టరీలు బేరమాడేది ఆ అంకె మీద. ఫ్యాక్టరీకి అంకె తెలిసి, రైతుకు తన కాయ ఎర్రగా ఉందన్న సంగతి మాత్రమే తెలిసినంతకాలం, ఆ రెంటి మధ్య ఉన్న డబ్బు మధ్యలోనే ఆగుతుంది. చపాటాకు ప్రయోగశాల చేయగల ఉపకారం ఏదైనా ఉంటే, జెండా పాటకు ముందే ఆ అంకెను బస్తా మీద రాయడం.